పక్క బెంచీవాళ్లు రాసింది ఎప్పుడైనా చదివారా?

అందరికీ నమస్తే. చెన్నైలో కాలేజీలో సెకండ్ లాంగ్వేజ్ తెలుగు తీసుకున్నవాళ్లకి ఈ వీడియో బాగా పనికొస్తుంది, మిగతావాళ్లు కూడా చూడండి, నష్టమేం లేదు. ఒక పుస్తకం ఇచ్చి, చదివి మీకేమనిపించిందో రెండు పేజీలు రాయండి అంటారు కదా. అది బాగా రాయాలంటే గైడ్లూ, సమ్మరీలూ పక్కన పడేసి మీ క్లాసువాళ్లు రాసినవి అడిగి తీసుకుని చదవండి.

మాకు కన్యాశుల్కం నాటకం ఇచ్చారు. మేడమ్ అందరి పేపర్లూ జిరాక్స్ తీయించి అందరికీ పంచిపెట్టారు. చాలా పేపర్లు ఒకేలా మొదలయ్యాయి: గురజాడ అప్పారావు 1862లో పుట్టారు, నాటకం 1897లో అచ్చయింది, 1909లో తిరగరాసి మళ్లీ వేశారు, ఇది గొప్ప సాంఘిక నాటకం. అన్నీ నిజాలే, కాదనను. కానీ అలాంటివి వరసగా చదువుతుంటే దిద్దేవాళ్ల మీద జాలేసింది, ఎందుకంటే ఇవన్నీ రాయడానికి అసలు పుస్తకం తెరవక్కర్లేదు.

వాటి మధ్య ఒకమ్మాయి పేపర్ ఉంది. ఆమె నాటకంలోకే వెళ్లలేదు, మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లిషులో రాసిన ముందుమాట దగ్గరే ఆగిపోయింది. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో ఆడపిల్లవాళ్లు డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క విజయనగరం మహారాజా తీయించారట, మూడేళ్లలో 1034 తేలాయి, ఆ పెళ్లికూతుళ్లలో 99 మందికి ఐదేళ్లు, ముగ్గురికైతే ఏడాది. ఏడాది పిల్ల! ఈ అంకెలు రాసి ఆమె ఒకటే అడిగింది: ఇంత తెలిసిన మనిషి మనల్ని ఇంతగా నవ్వించే నాటకం ఎందుకు రాశాడు? జవాబు పూర్తిగా చెప్పలేదు కూడా. అయినా ఆ రోజు క్లాసంతా మాట్లాడుకున్నది ఆ పేపర్ గురించే.

ఇంకొకామె ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ గబగబా చదవలేదు, చెన్నైలో ఇది మామూలే, చాలా స్కూళ్లలో తెలుగు ఉండదు కదా. అందుకని అమ్మమ్మ చేత పైకి చదివించుకుంది. నాటకంలో మాటకారి గిరీశం కోతలకి అమ్మమ్మ ఎక్కడ పగలబడి నవ్వింది, బుచ్చమ్మ వచ్చేసరికి ఎక్కడ గొంతు మారింది, అదే రాసింది. చిన్నప్పుడే విధవ అయిన ఆ బుచ్చమ్మని గిరీశం మాటలతో బుట్టలో వేసుకుంటుంటే మేమంతా నవ్వుకుంటూ పేజీలు తిప్పేశాం మరి.

ఇలాంటివి చదివేటప్పుడు భాష ఎంత బాగుందో చూడకండి, దానివల్ల కుళ్లుకోవడం తప్ప ఏమీ రాదు. ఏ పేజీ దగ్గర ఆగారో చూడండి, ఆ పేజీ మీ పుస్తకంలో తీసి మళ్లీ చదవండి. మీకు అక్కడ ఏమీ అనిపించకపోతే వదిలేయండి, ఫర్వాలేదు. ఇంకోటి, మీది ఒకసారి రాసేశాకే పక్కవాళ్లది తెరవండి, లేకపోతే వాళ్ల ఆలోచనే మీదిలా అనిపిస్తుంది.

అన్నిటికన్నా పనికొచ్చేది మీకు ఒళ్లు మండించే పేపర్. ఒకబ్బాయి, నవ్వించేది గిరీశమే కాబట్టి అతనే హీరో అని రాశాడు. ఎలా కాదో చెప్పడానికి నేను చివరి అంకం మళ్లీ చదవాల్సి వచ్చింది. వేశ్య మధురవాణి వచ్చి వకీలు సౌజన్యారావు పంతులు ముందు గుట్టు విప్పాక గిరీశానికి ఏం మిగిలింది? బుచ్చమ్మ దక్కలేదు, ఆమెని పూనాలో వితంతువుల ఆశ్రమానికి పంపే ఏర్పాటు జరిగిపోయింది, కోతలన్నీ గాలికి పోయాయి. సీన్లు చూపించి, డైలాగులు ఎత్తి రాసి, ఆ కోపంలో రెండో పేపర్ ఒక్క కూర్చోవడంలో పూర్తిచేశాను. ఆ అబ్బాయి ఇప్పటికీ ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

మరి ఇది కాపీ కాదా అంటారేమో. వాక్యం ఎత్తుకుంటే కాపీయే. ప్రశ్న తీసుకుంటే మాత్రం, మా క్లాసులో ఒకరు ఇలా అడిగారు అని పేపర్లోనే పెట్టేయండి. మా మేడమ్ దానికి మార్కులు తగ్గించలేదు, పక్కన టిక్కు పెట్టి, మరి నీ జవాబేది అని రాశారు.