పెరట్లో చెట్టు మీ సొంతమే, కొట్టాలంటే మాత్రం కౌన్సిల్‌ను అడగాలి

[దృశ్యం: లండన్ శివారులో ఇటుక ఇళ్ల వరుస. వాటి వెనక పెద్ద ఓక్ చెట్టు.]

నమస్తే అండీ. ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్న మనవాళ్లు తాళాలు చేతికి రాగానే అడిగే ప్రశ్న ఇది: "ఈ చెట్టు ఎండంతా ఆపేస్తోంది, కొట్టించెయ్యొచ్చా?"

ఆగండి. చెట్లు కొట్టేవాళ్లకు ఫోన్ చేసే ముందు కౌన్సిల్‌ను, అంటే స్థానిక పాలనా సంస్థను, అడగండి: దీని మీద ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్, అంటే టీపీవో, ఉందా అని. 1990 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం కింద కౌన్సిల్ ఇచ్చే ఉత్తర్వు ఇది. ఒక్క చెట్టుకైనా ఇస్తారు, తోపు మొత్తానికైనా ఇస్తారు. చెట్టుకు యజమాని మీరే. కానీ రాతపూర్వక అనుమతి లేకుండా నరికినా, కొమ్మలు కొట్టినా నేరమే.

[దృశ్యం: పునాది గుంటలో తెగిన లావుపాటి వేరు.]

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడ. ఇంటి వెనక ఎక్స్‌టెన్షన్ కోసం తవ్విస్తారు, బిల్డర్ అడ్డొచ్చిన వేరును కోసేస్తాడు. కొమ్మ ముట్టుకోలేదు కదా అనుకుంటారు. వేళ్లకూ అదే రక్షణ ఉంది. ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేని చిన్న ఎక్స్‌టెన్షన్‌కైనా టీపీవో వర్తిస్తుంది. వేరు తెగిన చెట్టు ఆ ఏడాది పచ్చగానే కనిపించొచ్చు, తర్వాత పై కొమ్మల నుంచి ఎండుతూ వస్తుంది. మన తాతల కంటే ముందు పుట్టిన చెట్టు అలా పోతుంటే చూడలేం.

పక్కింటి కొమ్మ మీవైపు వాలితే? మామూలుగా సరిహద్దు వరకు కత్తిరించుకోవచ్చు. టీపీవో ఉంటే దానికీ అనుమతి కావాలి.

టీపీవో లేకపోయినా మీ వీధి కన్సర్వేషన్ ఏరియాలో, అంటే పాత రూపం చెడకుండా కాపాడాలని కౌన్సిల్ గుర్తించిన ప్రాంతంలో, ఉంటే నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కాండం అడ్డకొలత 75 మిల్లీమీటర్లు దాటిన చెట్టుకు 6 వారాల ముందే నోటీసివ్వాలి. 75 మిల్లీమీటర్లంటే మన గుప్పెడంత మొక్కే!

[దృశ్యం: సముద్ర తీరం, పైన్ చెట్లు.]

ఏమవుతుందిలే అనుకునేవాళ్లకు ఒక కేసు చెబుతాను. దక్షిణ తీరంలోని పూల్ పట్టణంలో ఒకాయన పక్క స్థలంలో టీపీవో ఉన్న పైన్ చెట్టును కొట్టించాడు. 2012లో కోర్టు 75,000 పౌండ్ల జరిమానా వేసింది. చెట్టు పోయాక ఆయన ఇంటి విలువ పెరిగింది కాబట్టి, ఆ లాభం కింద మరో 50,000 పౌండ్లు రాబట్టింది. ఈ రెండో తీర్పే నాకు బాగా నచ్చింది. చెట్టు పోవడం వల్ల వచ్చిన డబ్బు మనిషి దగ్గర మిగలనివ్వలేదు.

మనూళ్లో ఇలాంటివి లేవనుకోకండి. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, ప్రకారం తెలుగు రాష్ట్రాల్లోనూ చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి.

మళ్లీ ఇంగ్లండ్‌కొస్తే, టీపీవో ఉన్నది ఎండిపోయిన చెట్టయితే 5 పనిదినాల ముందు కౌన్సిల్‌కు చెప్పాలి. ఇప్పుడో ఇంకాసేపట్లోనో కూలేలా ఉంటే ఆగక్కర్లేదు, ఫొటోలు మాత్రం తీసి పెట్టుకోండి. దాని స్థానంలో మరో మొక్క నాటాల్సి రావచ్చు.

[దృశ్యం: దరఖాస్తు ఫారం.]

దరఖాస్తుకు ఫీజు లేదు. జవాబుకు 8 వారాలు పడుతుంది. "కొమ్మలు కొట్టాలి" అని పొడిగా రాయకండి. ఏ కొమ్మ, ఎంత పొడవు, ఎందుకు అన్నది రాసి ఫొటో జతచేయండి. కాదంటే 28 రోజుల్లో అప్పీలుకు వెళ్లొచ్చు. మీకు కావాల్సింది ఎండే అయితే చెట్టు తీసేస్తామని అడగొద్దు. క్రౌన్ థిన్నింగ్, అంటే లోపలి కొమ్మలు పల్చన చేయడానికి అడగండి. గదిలోకి వెలుతురొస్తుంది, చెట్టూ ఉంటుంది.