ముందు ఫోర్క్‌లో టక్ టక్: బ్రేక్ పట్టి ఊపితే నిజంగా ఏం తెలుస్తుంది?

నమస్కారం అండి. బైకు చిన్న గుంతలో పడినా, రోడ్డు అతుకు దాటినా హ్యాండిల్ దగ్గర ‘టక్’మని చప్పుడు వస్తోందా? అయితే ఈ రివ్యూ మీకోసమే. ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టడానికి మనందరం చేసే టెస్టులు కొన్ని ఉన్నాయి కదా, ఇవాళ వాటినే రివ్యూ చేస్తున్నాను. ఏ టెస్టును ఎంతవరకు నమ్మొచ్చో బండి మీదే చేసి చూద్దాం.

ముందుగా ఒక మాట. చెవిని పూర్తిగా నమ్మకండి. యాక్సిల్ నుంచి హ్యాండిల్ దాకా అంతా ఇనుము, అల్యూమినియం, అన్నీ బోల్టులతో బిగించి ఉన్నవే. కింద కాలిపర్‌లో (ప్యాడ్లతో డిస్క్‌ని నొక్కి పట్టే బ్రేక్ భాగం) పుట్టిన టక్కు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ళు) పైపు పట్టుకుని పైకి పాకి మీ అరచేతికి తగులుతుంది. అందుకే ‘పైన వినిపిస్తోంది కాబట్టి కోన్ సెట్టే’ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగుల సెట్) అని తేల్చేస్తే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు అందరికీ తెలిసిన టెస్టు. ముందు బ్రేక్ గట్టిగా పట్టి, బండిని ముందుకీ వెనక్కీ ఊపడం. ఇదిగో, వినండి... టక్. మళ్ళీ... టక్. వినిపించింది కదా? ఇక్కడే చాలామంది ‘కోన్ సెట్ పోయింది, మార్చేద్దాం’ అంటారు. నాకు అభ్యంతరం సరిగ్గా అక్కడే ఉంది. ఈ ఒక్క ఊపుతో ఎన్ని కదులుతున్నాయో చూడండి. కాలిపర్‌లో ప్యాడ్లకి ఉండే కాస్త ఖాళీ, ఫ్లోటింగ్ డిస్క్ (రివెట్లతో కాస్త వదులుగా బిగించిన డిస్క్) అయితే దాని రివెట్ల దగ్గర ఉండే ఖాళీ, ఫోర్క్ లోపల పైపు జారే రింగులు, అంటే బుష్‌లు, కోన్ సెట్, యాక్సిల్, వీల్ బేరింగులు. అన్నీ ఒకేసారి కదులుతాయి. ఎక్కడో లూజు ఉందని ఈ టెస్టు చెప్తుంది, ఎక్కడన్నది చెప్పదు. కొత్త ప్యాడ్లు వేసిన మంచి బండి కూడా ఈ టెస్టులో చిన్నగా టక్కుమంటుంది. కాబట్టి మొదటి అడుగుగా చేయండి, దీన్నే నమ్ముకుని పార్టు మాత్రం కొనకండి.

దీన్నే పనికొచ్చేలా చేసుకునే మార్గం ఉంది. ఇంకొకరిని బండి ఊపమనండి, మీరు వేలితో వెతకండి. కెమెరా కాస్త దగ్గరకి తెస్తున్నాను, చూడండి. ఫోర్క్ కాళ్ళు రెండిటినీ కలిపే కింది టీ ఇది, కోన్ సెట్ కూర్చునే ఫ్రేమ్ హెడ్ పైపు ఇది. రెండిటి మధ్య సన్నని సందు ఉంది. ఆ సందు మీద చూపుడువేలు అడ్డంగా పెట్టాను. ఒక సగం ఫ్రేమ్ మీద, ఇంకో సగం టీ మీద. ఊపినప్పుడు ఈ రెండూ కలిసి కదిలితే కోన్ సెట్‌లో లూజు లేదు. ఒకటి ఆగి ఇంకొకటి జరిగినట్టు వేలి కింద చిన్న మెట్టు తగిలితే దొంగ దొరికినట్టే. ఆ మెట్టు ఒక్కసారి తగిలాక ఇంకెప్పటికీ మర్చిపోరు.

తర్వాత అదే వేలు కిందికి తెచ్చి దుమ్ము ఆపే రబ్బరు డస్ట్ సీల్ దగ్గర, పైపు ఫోర్క్ బాటమ్‌లోకి (ఫోర్క్ కింది గొట్టంలోకి) దిగే చోట పెట్టండి. ఇక్కడ కాస్త కదలిక ప్రతి ఫోర్క్‌లోనూ ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. టక్కు స్పష్టంగా వేలికి కొడితేనే బుష్‌ల మీద అనుమానం. చివరగా కాలిపర్ మీద చెయ్యి వేసి చూడండి.

ఇంకొక పద్ధతి, బ్రేక్‌ని లెక్కలోంచి తీసేయడం. ముందు చక్రాన్ని గోడకి ఆనించి, బ్రేక్ వదిలేసి, బండిని ముందుకి తోసి వదలండి. బ్రేక్ పట్టినప్పుడు వచ్చిన టక్కు ఇప్పుడు రాకపోతే ముందుగా బ్రేక్ వైపు చూడాలి.

నాకు అన్నిటికన్నా నచ్చిన టెస్టు మాత్రం నడిపే టెస్టు. ఖాళీగా, పొడిగా, తిన్నగా ఉన్న గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా వెళ్ళండి. టకటక వినిపిస్తుండగా ముందు బ్రేక్ లీవర్‌ని ఒక్క వేలితో, ప్యాడ్లు డిస్క్‌కి ఆనేంత మాత్రమే నొక్కండి. చప్పుడు టక్కున ఆగిపోయిందా? ప్యాడ్లో కాలిపరో ఆడుతోందన్నమాట. బిగుసుకునేసరికి ఆడటం మానేసింది. కోన్ సెట్ లూజైతే ఇంత తేలిక నొక్కుకి చప్పుడు ఆగదు. పైసా ఖర్చు లేదు, పానా అక్కర్లేదు. ఇంత మంచి టెస్టుని ఎందుకు ఎక్కువమంది చేయరో నాకు బాధగా ఉంటుంది.

బ్రేక్ వైపు అని తేలితే, ఈమధ్య ప్యాడ్లు మార్పించారేమో గుర్తు చేసుకోండి. ప్యాడ్ల వెనక ఉండే ఈ పల్చటి స్ప్రింగ్ రేకు చూశారా? ప్యాడ్లు గలగలలాడకుండా పట్టి ఉంచేది ఇదే. ఇది వేయకుండా వదిలేసినా, తిరగేసి వేసినా చప్పుడే. కాలిపర్ జారే పిన్నులు ఎండిపోయి ఉన్నా, వాటి రబ్బరు బూట్లు చిరిగినా అంతే. పిన్నులకి బ్రేక్‌కి పనికొచ్చే సిలికాన్ గ్రీజే రాయండి, ప్యాడ్ మీదకి చుక్క కూడా పోనివ్వొద్దు. డ్రమ్ బ్రేక్ బండి అయితే బ్రేక్ ప్లేటు గాడి ఫోర్క్ మీది కొక్కెంలో కూర్చునే చోట చూడండి, అక్కడ అరిగితే బ్రేక్ వేసిన ప్రతిసారీ ఒక టక్కు వస్తుంది.

ఇక కోన్ సెట్. ముందు చక్రం గాల్లోకి లేచేలా ఇంజన్ కింద గట్టి ఆధారం పెట్టండి. ఫోర్క్ కాళ్ళని అడుగున పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. తర్వాత హ్యాండిల్‌ని ఒక చివర నుంచి ఇంకో చివరకి చాలా నెమ్మదిగా తిప్పండి. సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు పట్టుకుందా? ఇదిగో, అలాంటి బండిలోంచి తీసిన కోన్ సెట్ కప్పు, బాల్స్ తిరిగేది ఇందులోనే. లైటు పక్కనుంచి పడితే చూడండి, బాల్స్ నొక్కుకున్న చోట సమానమైన దూరంలో వరసగా గుంటలు. ఇలా అయ్యాక ఎంత బిగించినా లాభం లేదు, ఆ పట్టు ఇంకా పెరుగుతుంది. చప్పుడు పోయిందని సంతోషపడేలోగా బండి నెమ్మది వేగంలో అటూ ఇటూ తూలడం మొదలవుతుంది. సెట్ మొత్తం మార్చాల్సిందే.

వీల్ బేరింగ్ టెస్టు చిన్నది. చక్రం లేచే ఉంది కాబట్టి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే ఆ బండి ఇక నడపొద్దు. కాలిపర్ బోల్టు వదులైనా, ఫోర్క్ ఆయిల్ కారి డిస్క్ మీద పడుతున్నా అదే మాట.

ఇప్పటిదాకా ఏదీ దొరకలేదంటే ఫోర్క్ లోపలికి వెళ్ళాలి. ఇక్కడ చప్పుడు ఎప్పుడు వస్తోందన్నదే ముఖ్యం. స్పీడ్ బ్రేకర్ దిగాక ముందుభాగం పైకి లేచేటప్పుడు టక్కుమంటే, ఫోర్క్ పూర్తిగా సాగి పై చివర కొట్టుకుంటోంది. పెద్ద గుంతలో ‘ధబ్’మంటే పూర్తిగా కుంగి అడుగు కొట్టుకుంటోంది. రెండిటికీ ముందుగా ఆయిలే చూడాలి. తగ్గిన ఆయిల్, పాతబడి పల్చబడ్డ ఆయిల్ ఫోర్క్ కదలికని ఆపలేవు. ఆయిల్ పోసేటప్పుడు కొలపాత్ర లెక్క ఒక్కటే చాలదు, ఎందుకంటే వంచేసినా కొంత పాత ఆయిల్ లోపలే ఉండిపోతుంది. స్ప్రింగ్ తీసి, పైపుని పూర్తిగా కిందికి నొక్కి, పైపు అంచు నుంచి ఆయిల్ దాకా ఎన్ని మిల్లీమీటర్లు ఉందో కొలవాలి. ఎంత ఉండాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఇంకో సంగతి, డబ్బా మీద 10డబ్ల్యూ అని ఉన్నంత మాత్రాన రెండు కంపెనీల ఆయిల్స్ ఒకే చిక్కదనంలో ఉండవు.

బుష్ చూపిస్తాను. ఈ ముదురు బూడిదరంగు పూత టెఫ్లాన్. ఇక్కడ, ఈ వైపున, పూత పోయి రాగిరంగు బయటపడింది. మొత్తం ఉపరితలంలో నాలుగింట మూడు వంతులకు పైగా రాగి కనిపిస్తే మార్చమని కొన్ని సర్వీస్ మాన్యువళ్ళు చెప్తాయి. చిన్న బండ్లు చాలావాటిలో విడిగా మార్చుకునే బుష్ ఉండదు, అప్పుడు అరిగేది ఫోర్క్ బాటమే. విప్పినప్పుడు అడుగున ఉండే ఆలెన్ బోల్టు కూడా చూడండి. అది వదులైతే చప్పుడూ వస్తుంది, ఆయిలూ చెమ్మగిల్లుతుంది. రాగి వాషర్ కొత్తదే వేయండి.

అన్నట్టు, ఇవన్నీ విప్పే ముందు మడ్‌గార్డ్ బోల్టులు, హెడ్‌లైట్ బ్రాకెట్, హెడ్ పైపుకి కొట్టుకునే కేబుళ్ళు, తాళంచెవుల గుత్తి చూసుకోండి. పంక్చర్ వేయించిన రోజు నుంచే చప్పుడు మొదలైతే మాత్రం నేరుగా యాక్సిల్ దగ్గరకే వెళ్ళండి. యాక్సిల్ బిగించాక, బ్రేక్ పట్టి ఫోర్క్‌ని నాలుగైదుసార్లు కుంగదీసి, ఆ తర్వాతే ఫోర్క్ అడుగున పట్టు బోల్టు బిగించాలి. వరస మారితే కాళ్ళు సరిగ్గా కూర్చోవు.

కోన్ సెట్ కొత్తది వేయించిన వాళ్ళు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక వేలి టెస్టు మళ్ళీ చేయండి. కొత్త కప్పులు సర్దుకుని కాస్త వదులవుతాయి. మళ్ళీ బిగించాక ముందు చక్రం లేపి, హ్యాండిల్ మధ్యలో ఉంచి, వేలితో చిన్నగా తట్టండి. తనంతట తాను పక్కకి వాలాలి. వాలకుండా ఆగితే బిగింపు ఎక్కువైంది, కొద్దిగా వదులు చేసి మళ్ళీ తట్టి చూడండి.