ఒకే మాత్ర, వేర్వేరు దేహాలు: ఐసోనియాజిడ్ నేర్పిన కొలత

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

మందు పనిచేసిందా లేదా అని అడిగితే రోగి ఒక జవాబు చెబుతాడు, వైద్యుడు ఒక జవాబు చెబుతాడు. పరిశోధకుడు ఆ రెండూ వింటాడు గానీ అంతటితో ఆగడు. మింగిన మాత్రలో ఎంత భాగం రక్తంలోకి చేరింది, ఎంతసేపటికి చేరింది, ఎన్ని గంటలు నిలిచింది, దేనిగా మారి బయటికి పోయింది, ఉన్నంతసేపు ఏ కణం మీద ఏం చేసింది అని ఒక్కొక్కటిగా విడదీసి అడుగుతాడు. వీటిలో చివరి ప్రశ్న మందు శరీరాన్ని ఏం చేస్తుందో చెప్పేది. మిగిలినవన్నీ శరీరం మందును ఏం చేస్తుందో చెప్పేవి. ఈ రెండో వైపు గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. దాన్ని ఒకే ఒక్క మందు కథగా మీ ముందు ఉంచాలని వచ్చాను. ఆ మందు ఐసోనియాజిడ్. మన ఊళ్లలో టీబీ మందులు వాడిన ప్రతి ఒక్కరి ఒంట్లోకీ వెళ్లిన మందు అది.

దానికి ముందు ఒక మాట చెప్పుకోవాలి. క్షయ మందుల పరీక్షకు పద్ధతి ఏర్పడింది స్ట్రెప్టోమైసిన్‌తో. బ్రిటన్‌లోని మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ 1948లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 107 మంది రోగులు ఉన్నారు. ఎవరికి మందు ఇవ్వాలో వైద్యుడు ఎంచుకోలేదు. గణాంక శాస్త్రవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ యాదృచ్ఛిక సంఖ్యలతో ముందే నిర్ణయించి, సీలు వేసిన కవర్లలో పెట్టించాడు. 55 మందికి మందూ విశ్రాంతీ, 52 మందికి అప్పటి వాడుక ప్రకారం విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలు తిరిగేసరికి మొదటి వర్గంలో నలుగురు, రెండో వర్గంలో 14 మంది చనిపోయారు. బాగా కోలుకునేలా ఉన్న రోగికే కొత్త మందు ఇవ్వాలన్న మొగ్గు వైద్యుడికి తెలియకుండానే ఉంటుంది కాబట్టి, ఆ మొగ్గుకు చోటు లేకుండా చేయడమే ఆ కవర్ల పని. అదే అధ్యయనంలో మందు తీసుకున్న చాలామందిలో సూక్ష్మజీవులు మందుకు లొంగని విధంగా మారడం కూడా బయటపడింది. ఒకే మందుతో క్షయను జయించలేమన్న సంగతి అప్పుడే తెలిసింది.

ఇక ఐసోనియాజిడ్ విషయానికి వద్దాం. 1912లోనే ప్రాగ్‌లో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు దీన్ని తయారుచేశారు. క్షయ మీద పనిచేస్తుందని ఎవరూ చూడలేదు. నలభై ఏళ్ల తర్వాత, 1952 నాటికి, మూడు కంపెనీలు విడివిడిగా ఆ గుణాన్ని కనిపెట్టాయి. చవకైనది, నోటితో వేసుకునేది, శక్తిమంతమైనది. ఇటువంటి మందు వస్తే పేద దేశాలలో శానిటోరియాల, అంటే క్షయ రోగులను నెలల తరబడి ఉంచే ఆసుపత్రుల, అవసరం ఉంటుందా అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. దానికి జవాబు వెతకడానికి 1956లో మద్రాసులో ట్యూబర్‌క్యులోసిస్ కీమోథెరపీ సెంటర్ ఏర్పడింది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ కలిసి నడిపిన ఆ కేంద్రానికి తొలి సంవత్సరాలలో వాలెస్ ఫాక్స్ నాయకత్వం వహించాడు. నేటి చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ అదే.

అక్కడి మొదటి అధ్యయనంలో మద్రాసులోని పేద కుటుంబాల రోగులను ఇల్లు, శానిటోరియం అని యాదృచ్ఛికంగా రెండుగా విడదీశారు. రెండు వర్గాలకూ ఐసోనియాజిడ్‌తో పాటు పాస్ అనే మందును ఏడాది పాటు ఇచ్చారు. ఏడాది చివర సంతృప్తికరంగా నయమైనవారు శానిటోరియంలో 92 శాతం, ఇంట్లో 86 శాతం. ఇరుకు ఇళ్లలో, తక్కువ తిండితో, పని చేసుకుంటూ మందు వాడినవారికి కూడా ఇంత మంచి ఫలితం రావడం ప్రపంచమంతటా క్షయ చికిత్స దిశను మార్చింది.

అయితే ఆ 86 శాతాన్ని నమ్మాలంటే, ఇంట్లో ఉన్న రోగి మందు నిజంగా వేసుకున్నాడని తెలియాలి. ఇక్కడే పరిశోధన ఎంత ఓపికతో జరిగిందో గమనించండి. సిబ్బంది చెప్పకుండా ఇళ్లకు వెళ్లేవారు, మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రం నమూనా తీసుకునేవారు. పాస్ మందు వేసుకున్న మనిషి మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ కలిపితే రంగు మారుతుంది. రోగి మాటను అవమానించడానికి కాదు ఆ పరీక్ష. ఫలితం బాగా లేనప్పుడు తప్పు మందుదా, మందు వేసుకోకపోవడానిదా అని తేల్చుకోవడానికి. ఈ తేడా తెలియని అధ్యయనం ఎంత పెద్దదైనా దాని మీద నాకు నమ్మకం కుదరదు.

తర్వాతి అధ్యయనాలలో అసలు విషయం బయటపడింది. రోజు మొత్తానికి దాదాపు ఒకే మోతాదు ఐసోనియాజిడ్‌ను కొందరికి ఒకేసారి, కొందరికి రెండు వేళలుగా పంచి ఇచ్చి చూస్తే, ఒకేసారి వేసుకున్నవారిలో ఫలితం మెరుగ్గా ఉంది. రోజంతా రక్తంలో మందు సమానంగా ఉండటం కన్నా, ఒకసారి బాగా పైకి లేవడమే సూక్ష్మజీవిని ఎక్కువగా దెబ్బతీస్తుందని దీన్నిబట్టి అర్థమైంది. కానీ పెద్ద మోతాదులు తీసుకున్నవారిలో కొందరికి చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కడం, అరికాళ్ల మంటలు మొదలయ్యాయి. అందరికీ కాదు. ఒకే మోతాదు, ఒకే ఊరు, ఇంచుమించు ఒకే తిండి. అయినా ఒకరికి నరాలు దెబ్బతిన్నాయి, ఇంకొకరికి ఏమీ కాలేదు.

జవాబు రక్తంలో దొరికింది. మద్రాసు కేంద్రంలో పి.ఆర్.జె. గంగాధరం, ఆయన సహచరులు రోగుల సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, ఐసోనియాజిడ్ ఎంత ఉందో కొలిచారు. నేడు యంత్రాలు నిమిషాలలో చెప్పే సంగతిని ఆనాడు క్షయ సూక్ష్మజీవితోనే చెప్పించారు. పరీక్ష నాళికలో ఏటవాలుగా గడ్డకట్టించిన పోషక పదార్థం మీద సూక్ష్మజీవులను నాటి, అడుగున రోగి సీరం పోస్తే, అందులోని మందు మెల్లగా పైకి పాకుతుంది. అది ఎంత ఎత్తుకు చేరితే అంతమేర సూక్ష్మజీవులు పెరగవు. ఆ ఖాళీ జాగా పొడవే రక్తంలోని మందుకు కొలత. క్షయ సూక్ష్మజీవి నెమ్మదిగా పెరిగేది కాబట్టి ఒక్కో ఫలితం కోసం రోజుల తరబడి ఆగాలి. అలా కొలిచి చూస్తే, తిమ్మిర్లు వచ్చినవారిలో ఎక్కువమంది మందును నెమ్మదిగా వదిలించుకునేవారని తేలింది. ఐసోనియాజిడ్ శరీరంలోని బి6 విటమిన్‌కు అడ్డు తగులుతుంది. మందు ఎక్కువసేపు నిలిచిన ఒంట్లో, అందులోనూ తిండి చాలని ఒంట్లో, ఆ లోటు నరాల మీద పడుతుంది. రోజుకు కొద్ది మిల్లీగ్రాముల పైరిడాక్సిన్, అంటే బి6 విటమిన్, ఇస్తే ఈ బాధను ఆపవచ్చు. టీబీ మందులతో పాటు నేటికీ ఆ చిన్న మాత్ర ఇస్తున్నది అందుకే.

అదే కాలంలో, 1960లో, డేవిడ్ ప్రైస్ ఎవాన్స్ తన సహచరులతో కలిసి అమెరికాలో 53 కుటుంబాలకు చెందిన 267 మందికి ఐసోనియాజిడ్ ఇచ్చి, ఆరు గంటల తర్వాత రక్తంలో ఎంత మిగిలిందో చూశాడు. మనుషుల ఎత్తు లాగా ఆ అంకెలు మధ్యలో ఒకచోట కుప్పపడలేదు. రెండు కుప్పలుగా విడిపోయాయి: త్వరగా వదిలించుకునేవారు, నెమ్మదిగా వదిలించుకునేవారు. తల్లిదండ్రులతో పిల్లలను పోల్చి చూస్తే అది వంశపారంపర్యంగా వచ్చే గుణమని స్పష్టమైంది. కాలేయంలో ఈ మందుకు ఎసిటైల్ గుంపు అనే చిన్న రసాయన తునకను తగిలించి దాన్ని పనిచేయకుండా చేసే ఎంజైమ్ కొందరిలో చురుకుగా, కొందరిలో మందకొడిగా ఉంటుంది. దాన్ని శాసించే జన్యువు పేరు ఎన్ఏటీ2. చురుకైనవారి రక్తంలో మందు సగానికి తగ్గడానికి గంట, గంటన్నర పడితే, మందకొడివారిలో మూడు గంటల దాకా పట్టవచ్చు. దక్షిణ భారతంలో ఇంచుమించు 60 శాతం మంది నెమ్మది వర్గంవారు. జపాన్‌లో పదిమందిలో ఒకరే.

సగటును నేను ఎందుకు అనుమానంతో చూస్తానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఆ రెండు కుప్పలకూ కలిపి సగటు తీస్తే, దాదాపు ఎవరికీ వర్తించని అంకె ఒకటి వస్తుంది. మందు రోజూ వేసుకున్నంతకాలం చికిత్స ఫలితంలో ఈ తేడా పెద్దగా బయటపడదు. కానీ మద్రాసులో వారానికి ఒక్కసారే మందు ఇచ్చే పద్ధతిని పరీక్షించినప్పుడు, త్వరగా వదిలించుకునేవారిలో ఫలితాలు బాగా దిగజారాయి. ఒకే గుణం ఒకచోట నరాలను కాపాడింది, ఇంకొకచోట చికిత్సను దెబ్బతీసింది.

రక్తంలో మందును కొలిచే ఈ పని ఇప్పుడు మన హైదరాబాద్‌లో పెద్ద ఎత్తున జరుగుతోంది. జెనరిక్ మందు, అంటే వేరే కంపెనీ అదే రసాయనంతో చేసిన మందు, అసలు మందుతో సమానమని నిరూపించడానికి చేసే బయోఈక్వివలెన్స్ అధ్యయనాలు అవి. ఆరోగ్యవంతులైన వలంటీర్లు రాత్రంతా ఏమీ తినకుండా ఉండి పొద్దున మాత్ర వేసుకుంటారు. చేతి నరానికి పెట్టిన క్యాన్యులా అనే సన్నని గొట్టం నుంచి మొదట నిమిషాల తేడాతో, తర్వాత గంటల తేడాతో రక్తం తీస్తారు. కొన్నాళ్లు ఆగి, మొదటి మందు ఒంట్లోంచి పూర్తిగా పోయాక, అదే మనిషికి రెండో మందు ఇస్తారు. ప్రతి వ్యక్తినీ తనతోనే పోల్చడం ఈ పద్ధతిలోని బలం. రక్తంలో రెండు మందులు చేరిన గరిష్ఠ మట్టం, మొత్తం పరిమాణం మధ్య నిష్పత్తి, దాని 90 శాతం విశ్వాస అవధితో (ఆ అంచనాలో ఉండే అనిశ్చితిని చూపే హద్దులతో) సహా, 80 నుంచి 125 శాతం లోపల ఉండాలి.

ఈ వలంటీర్లలో చాలామంది డబ్బు అవసరమున్న యువకులు. ఒక అధ్యయనం గడువు తీరకుండానే మరో ల్యాబులో చేరేవారు ఉన్నారు. దానివల్ల వారి ఒంటికి ముప్పు. పాత మందు మిగిలిన రక్తంతో వచ్చిన అంకెకు విలువ ఉండదు. వారిని నిందించడం నాకు న్యాయంగా తోచదు. దేశమంతటికీ ఒకే వలంటీర్ల రిజిస్టరు పెట్టి, ప్రతి ల్యాబూ అందులో చూడకుండా ఎవరినీ చేర్చుకోకూడదని నియమం విధిస్తే, మనిషికీ రక్షణ ఉంటుంది, లెక్కకూ నమ్మకం ఉంటుంది.

మరో సంగతి. ఆ వలంటీర్లు ఆరోగ్యవంతులు, ఎక్కువగా మగవారు. మందు వాడేది మాత్రం రక్తహీనత ఉన్న స్త్రీ, మధుమేహం ఉన్న ముసలాయన, బరువు తగ్గి ఎముకలు తేలిన కూలీ. 2017లో మన దేశ క్షయ కార్యక్రమం వారానికి మూడుసార్ల పద్ధతి వదిలి రోజువారీ మందులకు మారింది. మోతాదు నిర్ణయించేది రోగి బరువు. జపాన్‌లో 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం జన్యువును చూసి ఐసోనియాజిడ్ మోతాదు మార్చింది. నెమ్మది వర్గంవారిలో కాలేయానికి జరిగే హాని తగ్గింది, చురుకైనవారిలో చికిత్స విఫలం కావడం తగ్గింది. నెమ్మది వర్గంవారే ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఈ ప్రశ్నను మన రోగులలోనే పరీక్షించాలని నా గట్టి కోరిక. దానికి ఖరీదైన జన్యు పరీక్షతోనే మొదలుపెట్టనక్కరలేదు. మందు వేసుకున్న రెండు గంటలకు ఒకసారి, ఆరు గంటలకు ఒకసారి తీసిన రక్తం చాలు, ఆ మనిషి ఏ వర్గమో చాలావరకు తెలిసిపోతుంది. జిల్లా టీబీ కేంద్రంలో నమూనా తీసి, చల్లగా భద్రపరిచి, కొలిచే యంత్రాలు ఇప్పటికే ఉన్న హైదరాబాద్‌కు పంపడం మన చేతిలో ఉన్న పని. ఇందులో పాల్గొనే రోగికి తన అంకె ఏమిటో, దాన్నిబట్టి తన మోతాదు మారుతుందో లేదో తెలుగులో చెప్పడం కూడా ఆ పనిలో భాగంగానే ఉండాలి.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ప్రశ్నలుంటే అడగండి.