క్యూఆర్ స్కాన్ చేశాక ఒక్క క్షణం ఆగి, ఆ పేరు చదవండి

(స్క్రీన్ మీద: వాట్సాప్ పోస్టర్. పేర్లు, నంబర్లు కనబడకుండా మసక చేసి ఉంటాయి.)

మొన్న రాత్రి మా ఫ్యామిలీ గ్రూపులో పెద్దనాన్న పెట్టిన పోస్టర్ ఇది. ఆక్సిజన్ మాస్కుతో ఓ చంటిపాప. "ఆపరేషన్‌కి రేపే ఆఖరు రోజు." కింద ఒక ట్రస్టు పేరు, పక్కన క్యూఆర్ కోడ్. ఆయన అప్పటికే ఐదు వేలు వేయబోతున్నారు. "ఒక్క నిమిషం ఆగండి పెద్దనాన్నా" అని నేను స్కాన్ చేశాను.

(క్లోజప్: ఫోన్ స్క్రీన్)

ఎంత పంపాలో కొట్టే ముందు పైన ఒక పేరు వస్తుంది చూశారా? మన వేలు తిన్నగా అంకెల మీదకి పోతుంది, దాన్ని చదవం. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పేది ఆ పేరే. పోస్టర్‌లో ట్రస్టు ఉంటే, ఇక్కడ ఎవరో ఒక మనిషి పేరుంది. నా వరకు కథ అక్కడే అయిపోయింది.

ఐడీని కూడా అక్షరం అక్షరం చూడాలి. 2020 మార్చిలో పీఎం కేర్స్ ఫండ్ పెట్టగానే నకిలీ యూపీఐ ఐడీలు పుట్టుకొచ్చాయి. అసలు దాంట్లో 'కేర్స్' అని ఉంటే, ఒక దొంగ ఐడీలో చివరి 'ఎస్' ఎగరగొట్టి 'కేర్' అని పెట్టారు. తేడా అంతే!

సరే, పేరు ట్రస్టుదే వచ్చిందనుకోండి. అప్పుడు 80జీ నంబరు అడగండి, అంటే దాతలకి పన్ను మినహాయింపు వచ్చేలా సంస్థకి ఇచ్చిన నమోదు నంబరు. ఆ నంబరు సంస్థ పాన్‌తోనే మొదలవుతుంది. పాన్‌లో నాలుగో అక్షరం చూడండి: ట్రస్టుకి 'టీ', కంపెనీకి 'సీ', కొన్ని సొసైటీలకు 'ఏ'. అక్కడ 'పీ' ఉంటే అది ఒక వ్యక్తి పాన్. ఆ నంబరును ఆదాయపు పన్ను శాఖ సైట్‌లో కూడా వెతికి చూసుకోవచ్చు.

"మాకు దర్పణ్ నంబరు ఉందండీ" అని కొందరు గొప్పగా చూపిస్తారు. అది నీతి ఆయోగ్ పోర్టల్‌లో నమోదు మాత్రమే. పని బాగా చేస్తున్నారని ఇచ్చిన కితాబు కాదు. అది తెలియాలంటే నిరుడు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని ఆడిట్ రిపోర్టు అడగాలి. ఊళ్లో పది మంది పిల్లల్ని సాకే చిన్న ఆశ్రమానికి వెబ్‌సైట్ ఉండకపోవచ్చు, దాన్ని పట్టుకుని అనుమానించకండి. ఓ ఆదివారం వెళ్లి చూసి రండి, ఏ కాగితం కన్నా అది నయం.

నగదుగా ఇస్తే రసీదు తప్పనిసరి. రెండు వేలు దాటిన నగదుకి 80జీ మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఎలా ఇచ్చినా రాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. మీది ఇండియన్ పాస్‌పోర్టే అయితే, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే లెక్క మారిపోతుంది. సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి, అంటే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి ఉండాలి, మీ డబ్బు ముందుగా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని దాని ఖాతాలోనే పడాలి. "మా లోకల్ అకౌంట్‌కి వేసేయండి" అన్నారంటే వేయకండి.

మళ్లీ పోస్టర్ దగ్గరికి వద్దాం. దాని మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసి, "పాప ఐపీ నంబరు, అదే ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఇచ్చిన నంబరు చెప్పండి, ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌లోనే కట్టేస్తాం" అన్నాను. "ముందు ఎంతో కొంత వేయండి సార్, టైమ్ లేదు" అన్నాడు. ఆస్పత్రి పేరైనా చెప్పమంటే ఫోన్ పెట్టేశాడు. మేం డబ్బు వేయలేదు కాబట్టి సరిపోయింది. పొరపాటున వేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఆ ఫొటోని గూగుల్ లెన్స్‌లో వెతికాను. కొన్నేళ్ల కిందటిది, వేరే రాష్ట్రానిది. పెద్దనాన్నకి చూపించాను. ఆయన ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి అడిగారు:

"అయితే ఈ పాప ఇప్పుడెలా ఉందంట్రా?"