పార్కులో దీపాల ముగ్గు పెట్టాలంటే ముందు చీకటి కావాలి

నమస్కారం అండి. పండగొస్తే చాలు, పార్కులో ప్రతి చెట్టుకూ మొదలు నుంచి కొమ్మల దాకా సీరియల్ సెట్లు చుట్టేస్తారు. పైగా నాలుగు ఫ్లడ్ లైట్లు. దాన్ని లైట్ ఆర్ట్ అంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

మన వాకిలి గుర్తు తెచ్చుకోండి. ముగ్గు వేసే ముందు కళ్లాపి చల్లుతాం. నేల తడిసి ముదురు రంగుకి వస్తుంది, అప్పుడే తెల్లటి పిండి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాకిలంతా పిండి కుమ్మరిస్తే ఇక ముగ్గెక్కడ? పార్కుకి చీకటే కళ్లాపి.

[తెర మీద: ఉలురు, రాత్రి]

బ్రిటిష్ కళాకారుడు బ్రూస్ మన్రో 1992లో ఆస్ట్రేలియా ఎడారిలో ఉలురు అనే పెద్ద ఎర్రరాతి కొండని చూశారు. వాన పడితే అక్కడ నేలలో నిద్రపోతున్న విత్తనాలు మొలిచి పూస్తాయి. ఆ ఊహే 2016లో అదే చోట నేలలో నాటిన, కొసన వెలిగే 50,000 దీపపు కాడలైంది. అంతకుముందే 2012లో అమెరికాలోని లాంగ్‌వుడ్ గార్డెన్స్‌లో చెట్ల కింద 20,000 కాడలు నాటారు. అచ్చంగా చుక్కల ముగ్గు! ఒక్కో చుక్కదీ మసక వెలుగే.

నాకు బాగా నచ్చిన సంగతేంటంటే, కాడల్లో బల్బులుండవు. ప్రొజెక్టర్ పెట్టె ఒకచోట ఉంటుంది. దాన్నుంచి సన్నటి ఆప్టికల్ ఫైబర్ తీగలు వెళ్తాయి. వాటిలో కరెంటు పారదు, వెలుగే పారుతుంది. పెట్టెలో రంగు మారితే ఆ కాడలన్నీ ఒకేసారి రంగు మారతాయి.

మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు పడుతుంది. ఈలోగా ఒక్క ఫ్లడ్ లైటు మొహాన పడిందా, ఎవరో ముగ్గు తొక్కేసినట్టే. మళ్లీ మొదటికొస్తాం. మరి దారి కనపడొద్దా అంటారు. మోకాలెత్తులో, నేలకేసి తిప్పిన చిన్న లైట్లు చాలండి.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. నీలం వెలుగు ఎక్కువున్న తెల్ల లైట్లకి పురుగులు బాగా వస్తాయి, అందుకే పసుపు రంగు లైట్లు వాడండి. చెట్టుకి మేకులు కొట్టొద్దు. పిట్టగూళ్ల మీదకి లైటు తిప్పొద్దు. జనం వెళ్లిపోయాక ఆరిపోయేలా టైమర్ పెట్టండి.

రాత్రి 9 గంటలకి మీ వీధి పార్కుని ఫ్లాష్ లేకుండా ఫొటో తీసి నాకు పంపండి. ముందు ఏ లైటు ఆర్పాలో కలిసి చూద్దాం.