సముద్రం చెప్పిన వేళకు: అండమాన్ ద్వీపాల్లో రోజువారీ జీవితం

సభలో ఉన్న పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

అండమాన్‌లో కాపురం ఉంటున్నామని చెప్పగానే విశాఖలోనైనా, శ్రీకాకుళంలోనైనా ఎదుటివారు అడిగే మాట ఒకటే: "అక్కడ పొద్దెలా పోతుంది?" అయిదారు రోజుల విహారానికి వచ్చి, సెల్యులార్ జైలు, రాధానగర్ తీరం చూసి వెళ్ళేవారికి ఈ అనుమానం రాదు. ఏడాది పొడవునా అక్కడే ఉండేవారిది మాత్రం చుట్టూ నీళ్ళు, పైన వాన తప్ప ఏమీ తోచని జీవితమని చాలామంది అనుకుంటారు. ఆ ఊహ తప్పని నా గట్టి నమ్మకం. ద్వీపంలో బతుకు మూడు వేళలను పట్టి నడుస్తుంది. సూర్యుడి వేళ, పోటుపాట్ల వేళ, ఓడ వేళ. వీటిలో ఒక్కటీ మన చేతిలో ఉండదు. వాటికి ఒదిగి ఉండడం అలవాటైన కొద్దీ, అక్కడి చిన్న చిన్న సంతోషాలు, సాహసాలు చాలావరకు ఆ ఒదుగుబాటులోంచే పుడతాయని తెలిసి వస్తుంది. ఈ సాయంత్రం వాటి గురించే మీతో మాట్లాడాలని వచ్చాను.

ముందు సూర్యుడి సంగతి. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకు దగ్గరగా పోతుంది. పోర్ట్‌బ్లెయిర్, అంటే 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చిన మా ఊరు, 92.7 డిగ్రీల దగ్గర ఉంది. గడియారం ఇక్కడా అక్కడా ఒకటే అయినా, అక్కడి సూర్యుడు దాదాపు 40 నిమిషాలు ముందు నడుస్తాడు. జూన్‌లో అయిదు కొట్టకముందే తెల్లవారుతుంది. నవంబరు నెలాఖరుకు సాయంత్రం అయిదుకల్లా పొద్దు గుంకుతుంది. బదిలీ మీద కొత్తగా వచ్చిన ఉద్యోగులకు మొదట్లో ఇది పెద్ద ఇబ్బందిగా తోస్తుంది. కొన్నాళ్ళు పోయాక వారే అయిదింటికి లేచి, కార్బిన్స్ కోవ్ దాకా సముద్రం పక్కన నడిచి, తడి బట్టలతో ఇంటికి వచ్చి, కాఫీ తాగి, తీరిగ్గా ఆఫీసుకు వెళ్ళడం నేర్చుకుంటారు. పని మొదలయ్యే లోపల రోజుకు రెండు గంటలు అదనంగా చేతికి దొరికాయంటే, నగరాల్లో బతికేవారికి దాని విలువ నేను చెప్పనక్కరలేదు.

ఆ రెండు గంటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది జంగ్లీఘాట్ రేవు. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరేసరికి అక్కడ వినబడే మాటల్లో సగానికి సగం తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల జనాభా సుమారు 3 లక్షల 80 వేలు. వారిలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళాల తరువాతి స్థానం మనదే. బుట్టలో వంజరం, సూర, పండుగప్ప, కానాగంతలు పక్కపక్కన పడి ఉంటాయి. మొప్ప ఎత్తి ఎరుపు చూసి, కన్ను తేటగా ఉందో లేదో చూసి, వేలితో నొక్కితే కండ తిరిగి లేస్తుందో లేదో చూసి బేరమాడాలి. అమ్మే అక్క తెలుగులో ధర చెప్పి, పక్కనున్న బెంగాలీ ఆయనతో హిందీలో వాదించి, మళ్ళీ మనవైపు తిరిగి "చింతపండు పులుసు పెట్టమ్మా, దీనికి వేపుడు నప్పదు" అని సలహా ఇస్తుంది. ఆ సలహా కోసమైనా నేను ఆమె దగ్గరే కొంటాను. ఆరింటికి కొన్న చేప ఏడున్నరకు పొయ్యి మీద ఉడుకుతుంటే వచ్చే వాసన ముందు ఖరీదైన హోటల్ భోజనం దేనికీ పనికిరాదు.

ఇక పోటుపాట్లు. అండమాన్‌లో సముద్రం రోజుకు రెండుసార్లు పోటు మీదికి వస్తుంది, రెండుసార్లు పాటుకు పోతుంది. ఆ వేళ ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీటి మట్టంలో తేడా రెండు మీటర్ల వరకు ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ముందుగానే ఈ వేళల పట్టికలు ముద్రిస్తుంది. మా ద్వీపాల్లో పంచాంగం లేని ఇల్లు ఉండవచ్చు కానీ, ఆ రోజు నీళ్ళు ఎప్పుడు తీస్తాయో తెలియని జాలరి ఉండడు. ఈత కొట్టాలా, పడవ దింపాలా, పీతలకు వెళ్ళాలా అన్నది తేలేది దాన్ని బట్టే.

పాటు పూర్తిగా తీసిన వేళ పగడపు దిబ్బ మీద నడవడం నేనెరిగిన చిన్న సాహసాలలో మొదటిది. దానికి మంచి చోటు నీల్ ద్వీపం. 2018 డిసెంబరు 30న దానికి షహీద్ ద్వీప్ అని, హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. నీల్‌లో ఊళ్ళ పేర్లు రామ్‌నగర్, సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. లక్ష్మణ్‌పూర్‌లో రాతి కమాను ఉన్న తీరానికి అమావాస్య దగ్గర రోజుల్లో మధ్యాహ్నం దాటాక వెళితే, ఉదయం అలలు కొట్టిన చోటు అరకిలోమీటరు మేర బయటపడి ఉంటుంది. అడుగున గట్టి రబ్బరు ఉన్న చెప్పులు తప్పనిసరి. ఇసుక మీద, ఉత్త రాయి మీద మాత్రమే అడుగు వెయ్యాలి. బతికున్న పగడం మీద కాలు పడితే ఏళ్ళ తరబడి పెరిగినది ఒక్క క్షణంలో విరిగిపోతుంది. వెంట ఊరి మనిషి ఒకరు ఉంటే మేలు, ఎందుకంటే కొత్త కంటికి రాయికీ ప్రాణికీ తేడా తెలియదు.

ఆ దిబ్బ మీద నీళ్ళు నిలిచిన ఒక గుంటను తీసుకుందాం, మన వంటింటి గంగాళమంత ఉంటుంది. మోకాళ్ళ మీద కూర్చుని అయిదు నిమిషాలు కదలకుండా చూడాలి. మొదట అందులో నీళ్ళు తప్ప ఏమీ కనబడవు. కాసేపటికి నల్లని తాడు ముక్క అనుకున్నది మెల్లగా ఒళ్ళు విరుచుకుంటుంది. అది సముద్ర దోసకాయ. రాతి సందులోంచి సన్నని చేతులు అయిదు బయటికి పాకుతాయి. అది నక్షత్ర చేపకు చుట్టమైన పెళుసు నక్షత్రం. పక్కనే రాతిలో కూరుకుపోయిన పెద్ద ఆల్చిప్ప నోరు తెరచి ఉంటుంది. దాని పెదవుల రంగు ఒక్కో చిప్పకు ఒక్కో తీరు. ఒకటి నెమలికంఠం రంగు, ఇంకొకటి ముదురు నీలం మీద పచ్చ చుక్కలు. ఆ రంగుకు కారణంలో కొంత, ఆ కండలో కాపురముండే కంటికి కనబడని ఆల్గే. అవి ఎండలో ఆహారం తయారు చేస్తే చిప్ప దానిలో వాటా తీసుకుంటుంది. మన చెయ్యి నీడ దాని మీద పడగానే ఆ పెదవులు ముడుచుకుంటాయి. ముట్టనక్కరలేదు, నీడ చాలు. కళ్ళని మనం పిలిచే కళ్ళు లేని ఆ ప్రాణికి మన రాక ఎలా తెలిసిందని పిల్లలు అడుగుతారు. కండ అంచున వెలుతురును పసిగట్టే చిన్న చుక్కలు వందలు ఉంటాయని చెప్పి, మళ్ళీ అది తెరుచుకునే దాకా వాళ్ళను ఆపడమే నా పని. ఆ ఎదురుచూపు పిల్లలకు విసుగు కలిగించినట్టు నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ గుంటలో గవ్వ ఎంత అందంగా ఉన్నా తేకూడదు. పగడాలు, అనేక రకాల గవ్వలు చట్టం రక్షణలో ఉన్నాయి, విమానాశ్రయంలో సంచులు వెతుకుతారు కూడా. చట్టం మాట పక్కన పెట్టినా, ఒడ్డున పడి ఉన్న ఖాళీ గవ్వకు అద్దెదారు ఉంటాడు. సన్యాసి పీత పెరిగిన కొద్దీ పాత గవ్వ విడిచి పెద్ద గవ్వలోకి మారాలి. సరైన గవ్వ దొరకక, సీసా మూతలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో తల దాచుకున్న పీతలు తీరాల్లో కనిపిస్తాయి. అది చూసినవారు ఇంకెప్పుడూ గవ్వల దండ కొనరని నా ఆశ.

1983లో ఏర్పడిన వండూరు సముద్ర జాతీయ ఉద్యానవనంలోని జాలీ బాయ్ ద్వీపానికి ప్లాస్టిక్ తీసుకువెళ్ళనివ్వరు. మంచినీళ్ళ సీసాను కూడా జెట్టీ దగ్గరే లెక్క చూస్తారు. వానల నెలల్లో ఆ ద్వీపాన్ని మూసేస్తారు. ఈ కట్టడి వల్ల కొందరు సందర్శకులు చిరాకు పడతారు. నన్ను అడిగితే ఇంకా ఎక్కువ చోట్ల ఇలాగే ఉండాలి.

మూడో వేళ ఓడది. ద్వీపవాసికి ఓడంటే బస్సు. చాథం నుంచి బంబూఫ్లాట్‌కు వెళ్ళే వెహికల్ ఫెర్రీలో స్కూలు పిల్లలు, స్కూటర్లు, అరటి గెలలు, మేకలు అన్నీ కలిసి ప్రయాణం చేస్తాయి. ఆవలి ఒడ్డు చేరడానికి కాసేపే పడుతుంది. అక్కడ దిగి మౌంట్ హ్యారియెట్, అంటే 2021 నుంచి మౌంట్ మణిపూర్, ఎక్కితే కనిపించే సముద్రం, కొబ్బరి చెట్లు, నార్త్ బే దీపస్తంభం మీ అందరికీ తెలిసినవే. పాత ఎరుపు రంగు 20 రూపాయల నోటు వెనుక ఉన్న బొమ్మ అదే. సెలవు రోజు పులిహోర మూట కట్టుకుని ఆ కొండ ఎక్కి, అడవి దారిన నడిచి, సాయంత్రం ఫెర్రీకి తిరిగి రావడం మా ఇళ్ళలో మామూలు వినోదం.

పెద్ద ప్రయాణాలు ఇంత తేలిక కాదు. సముద్రం రఫ్‌గా ఉంటే ఫెర్రీ రద్దవుతుంది, అంతే. నీల్‌లో చిక్కుకుని, ఉన్న ఒక్క జత బట్టలతో మరో రోజు గడిపిన వారెందరో మాలో ఉన్నారు. ఆ అదనపు రోజే చాలామందికి బాగా గుర్తుంటుంది. జెట్టీ దగ్గర టీ దుకాణంలో పరిచయాలు అవుతాయి, ఎవరింటిలోనో భోజనానికి పిలుపు వస్తుంది.

బారాటాంగ్ సున్నపురాయి గుహలకు వెళ్ళే దారి గురించి ఒక మాట ఖండితంగా చెప్పాలి. ఆ దారి జరవాలనే ఆదిమ తెగవారికి కేటాయించిన అడవి గుండా పోతుంది. వాహనాలన్నీ కాన్వాయ్‌గా వెళ్ళాలి, దారిలో ఆగకూడదు, ఫొటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. గుహల కోసం, మడ అడవుల మధ్య పడవ ప్రయాణం కోసం వెళ్ళాలి. ఆ పడవ ప్రయాణం నిజంగా గొప్పది, రెండు పక్కలా మడ చెట్ల కొమ్మలు నెత్తి మీద కలిసిపోతాయి. మనుషులను చూడడానికి వెళ్ళేవారు దయచేసి ఆ దారి పట్టవద్దు.

ఓడ రాకపోతే కొరత కూడా తప్పదు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, మందులు మెయిన్‌లాండ్ నుంచి రావాలి. తుపాను పట్టి ఓడ ఆగితే ఉల్లి ధర ఊరంతా చర్చ. అప్పుడు పెరట్లో ఉన్న కొబ్బరి, పనస, మునగాకు, అరటిపువ్వు మీదికి మనసు మళ్ళుతుంది. ఆ వారంలో వండినన్ని రకాలు మామూలు రోజుల్లో వండము. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమయ్యే దాకా ఇంటర్నెట్ కూడా ఉపగ్రహం దయ మీదే నడిచేది. చదువుకోవడానికి వెళ్ళిన పిల్లల ముఖం తెర మీద ఆగకుండా కదిలిన మొదటి సాయంత్రం ఎంత సంబరపడ్డామో, వేగం మొదటి నుంచీ ఉన్నవారికి చెప్పడం కష్టం.

నీళ్ళదీ అదే కథ. ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే చోట, మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ధనిఖారి జలాశయం అడుగంటి కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే పరిస్థితి ఏర్పడుతుంది. బిందెలు, డ్రమ్ములు వరుసగా పెట్టి ఎదురుచూస్తాము. మే మూడో వారం ప్రాంతంలో నైరుతి రుతుపవనం కేరళ కంటే ముందు మా దగ్గర దిగుతుంది. మొదటి పెద్ద వాన రేకుల కప్పు మీద మోగగానే ఇంట్లో అందరూ లేచి, చూరు కింద దొరికిన పాత్రలన్నీ పెడతారు. పిల్లలు తడుస్తారు, పెద్దలు తడుస్తారు, ఎవరూ ఎవరినీ వారించరు.

సముద్రం ఎప్పుడూ ఆటస్థలం కాదన్నది మాకు బాగా తెలుసు. 2004 డిసెంబరు 26 సునామీలో మనుషులను, ఊళ్ళను పోగొట్టుకున్న కుటుంబాలు మా మధ్య ఉన్నాయి. నికోబార్ ద్వీపాలు అనుభవించినది మాటలకు అందదు. కొన్ని తీరాల్లో ఉప్పునీటి మొసళ్ళ హెచ్చరిక బోర్డులు ఉంటాయి, ఈతకు వల కట్టిన చోట్లు ఉంటాయి. ఆ బోర్డు దాటి వెళ్ళడాన్ని మా ఊళ్ళో ధైర్యం అనరు.

రాత్రులకూ వాటి సొంత సాహసాలు ఉన్నాయి. ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ తీరానికి చలికాలంలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ సిబ్బంది వెంట, దీపం ఆర్పి, మాట్లాడకుండా కూర్చోవాలి. ఒక్కోసారి రాత్రంతా కూర్చున్నా తాబేలు రాదు. వచ్చిన రాత్రి, అది వెనుక కాళ్ళతో ఇసుక తోడే తీరు చూస్తే ఆ ఓపిక మనకెందుకు లేదనిపిస్తుంది. హావ్‌లాక్‌లో చంద్రుడు లేని రాత్రి నడుము లోతు నీళ్ళలో చెయ్యి కదిపితే, సూక్ష్మజీవుల వల్ల వేళ్ళ చుట్టూ నీలి మెరుపు పుడుతుంది. దానికి టిక్కెట్టు లేదు, అమావాస్య ఒక్కటి కుదరాలి.

మీలో ఎవరైనా రావాలనుకుంటే నాదొక మనవి. విమానం రెండు గంటల్లో దింపుతుంది కానీ, వీలున్నవారు ఒక్కసారైనా విశాఖ నుంచి ఓడలో రండి. ఓడ అప్పుడప్పుడే నడుస్తుంది, సుమారు రెండున్నర రోజుల ప్రయాణం. మొదటి రోజు కొందరికి కడుపులో తిప్పుతుంది, వాంతులు ఆపే మాత్రలు, నిమ్మకాయలు దగ్గర ఉంచుకోండి. తిరుగు ప్రయాణానికి తేదీ బిగించుకోకుండా రెండు రోజుల వెసులుబాటు పెట్టుకోండి. బయలుదేరే ముందు పంచాంగం తెరిచి, నీల్‌లో ఉండే రోజులు అమావాస్య దగ్గర పడేలా చూసుకోండి. గట్టి చెప్పులు మరచిపోవద్దు.