లారీ కాగితాల గడువు: షేర్‌పాయింట్ లిస్ట్, పవర్ ఆటోమేట్‌తో

[తెర మీద: ఆటోనగర్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, గోడకు క్యాలెండర్, దాని మీద పెన్నుతో చుట్టిన తేదీలు]

లారీ ఇచ్ఛాపురం దాటాక ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు అయిపోయిందని తెలిస్తే చేసేదేం లేదు. లారీకి 8 ఏళ్లు నిండేదాకా ఎఫ్‌సీ 2 ఏళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. ఇన్సూరెన్స్, పొల్యూషన్, నేషనల్ పర్మిట్ దేని తేదీ దానిదే. ఈ వీడియోలో వాటన్నిటినీ మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్ సైట్‌లో ఒక లిస్టుగా పెట్టి, గుర్తుచేసే పని పవర్ ఆటోమేట్‌కి అప్పగిద్దాం. పనులను వాటంతట అవే జరిగేలా చేసే మైక్రోసాఫ్ట్ సాధనం అది; అందులో మనం కట్టే పనుల వరుసను ఫ్లో అంటారు.

[తెర మీద: సైట్ సెట్టింగ్స్, రీజినల్ సెట్టింగ్స్ పేజీ]

లిస్టు కన్నా ముందు ఇది చూడండి. లొకేల్, అంటే తేదీ ఏ దేశం పద్ధతిలో చదవాలో చెప్పే సెట్టింగ్, అమెరికా ఇంగ్లిష్‌లో ఉంటే, మన గుమాస్తా ఆగస్టు 5 అనుకుని 05/08 అని కొడితే మే 8 అని పడుతుంది. లొకేల్ ఇండియా, టైమ్ జోన్ మన టైమ్ పెట్టండి.

[తెర మీద: కొత్త లిస్టు, కాలమ్‌లు ఒక్కొక్కటిగా]

కాలమ్‌లు: లారీ నంబరు, కాగితం రకం (ఛాయిస్ కాలమ్), గడువు తేదీ, కొత్త తేదీ, 'పంపాలి' అనే అవును-కాదు కాలమ్. ఒక్కో కాగితానికి ఒక్కో వరుస. స్కాన్ చేసిన పీడీఎఫ్ ఆ వరుసకే జతచేయండి. కాలమ్ పేరు ముందు ఇంగ్లిష్‌లో, ఖాళీ లేకుండా పెట్టి, సేవ్ చేశాక తెలుగులోకి మార్చుకోండి. మొదట పెట్టిన పేరే లోపల శాశ్వతంగా ఉంటుంది. తెలుగులో పెడితే ప్రతి గుర్తూ 7 అక్షరాల కోడ్‌గా మారుతుంది, 32 దగ్గర తెగిపోతుంది. ఆ తర్వాత ఫ్లోలో ఫిల్టర్ రాయడం నరకం.

'రెన్యూ అయింది' అని టిక్ పెట్టే కాలమ్ మాత్రం వద్దు. టిక్ పెట్టి తేదీ మార్చడం మర్చిపోతారు. మెయిల్ తేదీని బట్టే రావాలి, తేదీని బట్టే ఆగాలి.

[తెర మీద: మొదటి ఫ్లో]

ట్రిగ్గర్ అంటే ఫ్లోని మొదలుపెట్టేది. ఇక్కడ రికరెన్స్ ట్రిగ్గర్, రోజూ ఉదయం 8 గంటలకు, టైమ్ జోన్ ఇండియా. ఫ్లో లోపలి గడియారం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), మనకన్నా 5:30 గంటలు వెనక. తెల్లవారుజామున 5 గంటలకు నడిపితే దాని లెక్కలో ఇంకా నిన్నే.

తర్వాత గెట్ ఐటమ్స్, అంటే లిస్టు నుంచి వరుసలు తెచ్చే అడుగు. ఫిల్టర్ క్వెరీలో, గడువు తేదీ ఇవాళ్టికి 30 రోజులు కలిపిన తేదీకి సమానం లేదా తక్కువ. ఆర్డర్ బైలో గడువు తేదీ. ఫిల్టర్ లేకుండా అన్నీ తెద్దామనుకుంటే, 25 లారీలకు 5 కాగితాల చొప్పున 125 వరుసలు. మామూలుగా అది 100 తెచ్చి ఆగుతుంది, ఎర్రర్ కూడా చూపించదు.

వరుసకో మెయిల్ పంపకండి, మూడో రోజుకే ఎవరూ తెరవరు. వరుసలను మెయిల్‌లో పట్టికగా చూపే క్రియేట్ హెచ్‌టీఎమ్‌ఎల్ టేబుల్ అడుగులో కస్టమ్ ఎంచుకుని మూడు కాలమ్‌లే తీసుకోండి. కాగితం రకానికి 'వాల్యూ' అన్నదే ఎంచుకోవాలి. అంతా కలిపి ఒకే మెయిల్. ఏ గడువూ లేకపోయినా సోమవారం 'ఏమీ లేవు' అని మెయిల్ వెళ్లేలా పెట్టండి. సోమవారం అదీ రాలేదంటే ఫ్లో ఆగిందన్నమాట. ఆపకుండా 14 రోజులు ఫెయిలైతే మైక్రోసాఫ్టే దాన్ని ఆపేస్తుంది.

[తెర మీద: రెండో ఫ్లో, అప్రూవల్]

రెన్యూ అయ్యాక గుమాస్తా పీడీఎఫ్ జతచేసి, 'కొత్త తేదీ' రాసి, 'పంపాలి'ని అవును చేస్తాడు. గడువు తేదీని చేత్తో ముట్టకూడదు, మేనేజర్ ఒప్పుకున్నాక ఫ్లోనే మారుస్తుంది. ట్రిగ్గర్: ఐటమ్ క్రియేట్ లేదా మాడిఫై అయినప్పుడు. ట్రిగ్గర్ కండిషన్: 'పంపాలి' అవును అయితేనే.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఫ్లో చేసే మార్పు కూడా మాడిఫై కిందకే వస్తుంది, మళ్లీ అదే ఫ్లో మొదలవుతుంది. అందుకే అప్రూవల్ కన్నా ముందు, మొట్టమొదటి అడుగుగా 'పంపాలి'ని కాదు చేయండి. చివర్లో చేస్తే, మేనేజర్ చూసేలోపు ఎవరైనా ఆ వరుసలో ఒక్క అక్షరం దిద్దినా రెండో అప్రూవల్ వెళ్తుంది. మేనేజర్ 30 రోజులు పట్టించుకోకపోతే ఆ రన్ టైమ్ అవుట్ అవుతుంది, మళ్లీ పంపాల్సిందే.

[తెర మీద: ఫ్లో ఓనర్ల పేజీ]

ఫ్లో ఎవరి కనెక్షన్‌తో నడుస్తోందో చూసుకోండి. గుమాస్తా సొంత లాగిన్‌తో కట్టిస్తే, అతను మానేసి ఆ అకౌంట్ తీసేశాక రెండు ఫ్లోలూ ఆగుతాయి. ఆఫీసు పేరుతో ఒక అకౌంట్ పెట్టి దాంతో కట్టండి, ఇంకొకరిని కో-ఓనర్‌గా చేర్చండి.